పొరుగువాడు పెట్టిన పేరు

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లలకు బొబ్బిలి యుద్ధం కథ చెబుతున్నాను. 1757లో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను ఎలా బద్దలు కొట్టాయో చెప్పే ఘట్టంలో ఉండగా, వెనక బల్ల కుర్రవాడొకడు లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, మా తాత చెప్పే కథల్లో తెల్లవాళ్లని పరంగులంటాడు. పరంగి అంటే మనిషా, తుపాకా?" అన్నాడు. తరగతి అంతా గొల్లుమంది. కాని అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు.

రెండూ ఒకటే మాట. ఒకప్పుడు ఫ్రాన్స్ ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకులనే జర్మన్ తెగ పేరు అరబ్బుల నోట, పారశీకుల నోట 'ఫరంగీ' అయింది. క్రూసేడ్ల కాలంలో పడమటి ఐరోపావాళ్లందరికీ అదే పేరు చెల్లింది. మన దేశానికి వచ్చేసరికి పోర్చుగీసువాడూ పరంగే, ఇంగ్లీషువాడూ పరంగే. తెలుగులో ఆ పేరు మనిషి దగ్గర ఆగలేదు. అతను తెచ్చిన పెద్ద తుపాకికి అంటుకుని అక్కడే స్థిరపడిపోయింది. ఒక జాతి పేరు ఒక ఆయుధం పేరుగా మారటం మామూలు విషయం కాదు. అలాంటి మాటను నిఘంటువులో అర్థం చూసి వదిలెయ్యకుండా చారిత్రక సాక్ష్యంగా చదవాలి. పరంగి ఎలాంటివాడో ఆ మాట చెప్పదు. అతనికీ మనకీ మధ్య ఏం జరిగిందో చెబుతుంది.

ఈ చూపుతోనే ఇంకో వైపు తిరిగి చూద్దాం. సామ్రాజ్యాలు ఇతరులకు పెట్టిన పేర్ల గురించి అభ్యుదయ విమర్శ చాలా మాట్లాడింది. 'నేటివ్' అన్న మాటలో ఎంత తిరస్కారం ఉందో, 'కూలీ' అన్న మాటను ఒక జాతి మొత్తానికి ఎలా అంటగట్టారో మనకు తెలుసు. మరి, అందరికీ పేర్లు పెట్టిన బ్రిటిష్‌వాడికి అతని ఇరుగుపొరుగు ఏ పేర్లు పెట్టారు? ఫ్రెంచివాళ్లు, జర్మన్లు, ఐరిష్‌వాళ్లు, ఇటాలియన్లు, పోర్చుగీసులు అతన్ని ఏమని పిలుస్తూ వచ్చారు? ఆ పేర్లను వరసగా పెట్టి చూస్తే ఐరోపా చరిత్ర కొంత తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, రచయితలకు పనికివచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

అసలు పేరులోనే తగాదా

ఎగతాళి పేర్ల దాకా పోకముందే, మామూలు పేరులోనే చిక్కుంది. గ్రేట్ బ్రిటన్ అంటే ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు కలిసిన దీవి. కాని ఫ్రెంచివాడు వాళ్లందరినీ కలిపి 'ఆంగ్లే' అంటాడు. జర్మన్‌వాడు 'ఎంగ్లెండర్' అంటాడు. పోలండువాడికి ఆ రాజ్యమంతా 'ఆంగ్లియా'. మనం 'ఆంగ్లేయులు' అన్నట్టే. గ్లాస్గో కార్మికుడిని ఇంగ్లీషువాడని పిలిస్తే అతనికి కోపం వస్తుంది. అయినా లోకం అలాగే పిలుస్తుంది. ఒక రాజ్యంలో పెత్తనం చేసే భాగం పేరే మొత్తానికి పేరవుతుంది. పెత్తనం లేని భాగాలు ఆ పేరు కింద కనబడకుండా పోతాయి.

అలా కనబడకుండా పోయినవాళ్లు తమ భాషల్లో ఇంగ్లీషువాణ్ణి ఏమంటారు? ఐరిష్, స్కాటిష్ గేలిక్ భాషల్లో 'సాసనాఖ్', వెల్ష్‌లో 'సైస్'. రెండింటికీ అర్థం 'శాక్సన్' అనే. 5వ శతాబ్దంలో జర్మనీ తీరాల నుంచి ఓడల మీద వచ్చి దిగిన శాక్సన్ తెగవాళ్ల పేరది. పదిహేను వందల ఏళ్లు గడిచినా పక్కింటివాడు అతన్ని వచ్చినవాడిగానే గుర్తుపెట్టుకున్నాడు. స్కాట్లండు కొండ ప్రాంతాలవాళ్లయితే ఒకప్పుడు పల్లపు ప్రాంతంలో ఇంగ్లీషు మాట్లాడే తోటి స్కాట్లను కూడా ఆ పేరుతోనే పిలిచారు. అంటే ఆ మాట గీసిన గీత దేశపు సరిహద్దు ఒక్కటే కాదు, భాషదీ భూమిదీ కూడా. నేల పోగొట్టుకున్నవాడి జ్ఞాపకం ఎంత పొడుగో ఈ ఒక్క మాట చూస్తే తెలుస్తుంది.

ఊతపదమే పేరయింది

మన ఊళ్లల్లో ఊతపదాన్ని బట్టి మనిషికి పేరు పెట్టటం ఉంది. ఫ్రెంచి పల్లెలు ఇంగ్లీషు సైనికుడికి పెట్టిన తొలి ప్రసిద్ధమైన పేరు అలాంటిదేనని చాలామంది అంటారు. నూరేళ్ల యుద్ధంగా పేరుపడ్డ పోరు 1337 నుంచి 1453 వరకు సాగింది. ఆ కాలంలో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు సైనికులను 'గొదోన్‌'లని పిలిచారు. మాటకి ముందొకసారి, వెనకొకసారి ఆ సైనికులు పలికే 'గాడ్ డామ్' అనే తిట్టు నుంచి ఆ పేరు పుట్టిందని ఒక వాదం. తిండిపోతు అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చిందని మరో వాదం. ఏదైనా అది గౌరవం కాదు.

ఆ మాటను చరిత్రకెక్కించినవారిలో ఒక రైతు బిడ్డ ఉంది. 1431లో ఇంగ్లీషువాళ్లు కాల్చి చంపిన జోన్ ఆఫ్ ఆర్క్ చెరసాలలో ఉండగా, ఇప్పుడున్నవాళ్లకు తోడు ఇంకో లక్షమంది గొదోన్లు వచ్చినా ఈ రాజ్యం వాళ్లకు దక్కదని అన్నట్టు, ఆమె శిక్షను రద్దు చేసిన 1456 నాటి పునర్విచారణలో ఒక సాక్షి చెప్పాడు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ యుద్ధం ఫ్రెంచి సింహాసనం ఎవరిదన్న తగాదా. అది మొదలైన నాటికి ఇంగ్లండు ప్రభువర్గం కూడా చాలా వరకు ఫ్రెంచి మాట్లాడేది. రెండు పక్షాల దొరల మధ్య సంధి మాటలకు దుబాసీ అవసరం అంతగా లేదు. పల్లెలో గడ్డివాము తగలబెట్టినవాడు, గొడ్డును తోలుకుపోయినవాడు మాత్రం ఇంగ్లీషులో తిట్టేవాడు. రైతు విన్నది ఆ గొంతునే. రాజులు చేసిన యుద్ధానికి పేరు మోసింది కూలి సైనికుడు. మూడున్నర శతాబ్దాల తరువాత కూడా ఆ జ్ఞాపకం చావలేదు. 1784లో రంగస్థలమెక్కిన బోమార్షే నాటకంలో ఫిగారో, ఇంగ్లీషు భాషకు ఈ తిట్టే పునాది అన్న ధోరణిలో హాస్యమాడతాడు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

18వ శతాబ్దంలో కొత్త పేరు వచ్చింది: 'రోస్‌బిఫ్'. ఇంగ్లీషులో 'రోస్ట్ బీఫ్' అంటే కాల్చిన గొడ్డు మాంసం. దాన్నే ఫ్రెంచి నాలుక తిప్పి ఇంగ్లీషువాడి నెత్తిన పెట్టింది. పోర్చుగీసువాళ్లు కూడా ఇంగ్లీషువాణ్ణి 'బిఫె' అంటారు. దానికి అర్థం మాంసపు ముక్క. తిండిని బట్టి మనిషికి పేరు పెట్టటం ప్రపంచమంతటా ఉన్నదే.

ఈ పేరుకు ఒక విచిత్రమైన గతి పట్టింది. ఎగతాళిగా పెట్టిన పేరును ఇంగ్లీషువాళ్లు బిరుదుగా తీసుకున్నారు. అప్పటికే 1731 నాటి ఫీల్డింగ్ నాటకంలో కాల్చిన మాంసాన్ని పొగిడే పాట ఒకటుంది. 1735లో లండన్‌లో మాంసపు ముక్కల పేరనే ఒక సంఘం వెలిసింది. చిత్రకారుడు హోగార్త్ ఫ్రాన్స్ వెళ్లి కలే రేవు ద్వారం బొమ్మ గీసుకుంటుంటే గూఢచారి అని పట్టుకున్నారు. ఇంటికి తిరిగివచ్చి 1748లో ఆయన గీసిన చిత్రం ప్రసిద్ధం. అందులో ఒక పెద్ద మాంసపు తునకను మోసుకుపోతుంటారు. బక్కచిక్కిన ఫ్రెంచి సైనికులు నోరు వెళ్లబెట్టి చూస్తుంటారు. లావాటి సన్యాసి ఒకడు దాన్ని వేలితో తాకి చూస్తుంటాడు. స్వేచ్ఛ ఉన్న దేశంలో కడుపు నిండుతుందని, నిరంకుశ రాజు కింద డొక్కలు ఎండుతాయని ఆ చిత్రం చెప్పదలచుకున్న మాట.

మరి ఆ స్వేచ్ఛ ఉన్న దేశంలో ఎవరి కడుపు నిండింది? 1795లో ఇంగ్లండులో పంటలు పాడై, యుద్ధం తోడై, రొట్టె ధర ఆకాశాన్నంటింది. బర్క్‌షైర్ జిల్లాలో స్పీన్‌హామ్‌లాండ్ అనే చోట మేజిస్ట్రేట్లు సమావేశమై, వ్యవసాయ కూలీ జీతం చాలక కుటుంబం పస్తులుంటోందని ఒప్పుకుని, రొట్టె ధరను బట్టి బీదలకు భత్యం కట్టే పట్టిక తయారుచేశారు. అదే ఏడాది అక్టోబరులో పార్లమెంటుకు పోతున్న మూడో జార్జి బండిని లండన్ జనం చుట్టుముట్టి రొట్టె కావాలని, యుద్ధం వద్దని కేకలు వేశారు. కాల్చిన మాంసం పేరు మోసిన జాతికి రొట్టె ముక్క కరువైంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే. 'రోస్‌బిఫ్' అన్న మాట ఇంగ్లీషు భూస్వామి బల్లను చూసి పుట్టింది. దాన్ని ఆ బల్ల దరిదాపులకు రానివ్వని కూలీవాడికి కూడా తగిలించారు. శత్రువు ఎగతాళి చేసినా, స్వదేశపు భూస్వామి గర్వపడినా, ఇద్దరూ కలిసి కూలీవాడి ఖాళీ కంచాన్ని కప్పిపెట్టారు.

'నమ్మకద్రోహి ఆల్బియన్'

ఆల్బియన్ అన్నది ఆ దీవికి గ్రీకులు, రోమన్లు ఎరిగిన ప్రాచీన నామం. దాన్ని లాటిన్‌లో తెలుపు అనే అర్థమున్న మాటతో ముడిపెట్టి, డోవర్ దగ్గరి సుద్దకొండలను గుర్తుచేసుకోవటం పరిపాటి. ఈ అందమైన పేరుకు ముందు 'పెర్‌ఫీద్', అంటే నమ్మకద్రోహి, అనే విశేషణం చేర్చి ఫ్రెంచివాళ్లు లోకమంతా వ్యాపింపజేశారు.

ఆ విశేషణం చరిత్రే ఒక పాఠం. 17వ శతాబ్దంలో బోస్యుయే అనే ఫ్రెంచి మతాచార్యుడు ఒక ప్రసంగంలో ఇంగ్లండును ఇదే మాటతో నిందించాడు. ఆయన దృష్టిలో ద్రోహం అంటే కాథలిక్ విశ్వాసాన్ని విడిచిపెట్టటం. 1793లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వానికీ ఇంగ్లండుకూ యుద్ధం వచ్చింది. అప్పుడు జిమెనెస్ అనే కవి ఒక పద్యంలో ఆల్బియన్‌ను నమ్మకద్రోహి అని పిలిచి, ఆమె నీళ్లలోనే ఆమె మీద దాడి చెయ్యమన్నాడు. ఇప్పుడు ద్రోహం అంటే మతం విడవటం కాదు, విప్లవానికి అడ్డుపడటం. మాట అదే, సారం పూర్తిగా మారింది. ఇంకో సంగతి: విప్లవం తరఫున ఈ పద్యం రాసిన జిమెనెస్ మార్క్వీస్ బిరుదున్న ప్రభువంశీకుడు. కాలం మారినప్పుడు అందరికన్నా ముందు గొంతు పెంచేవాడు ఎవరో మన అనుభవంలో కూడా ఉన్నదే.

ఆనాటి ఇంగ్లండు పాలకులు ఫ్రాన్స్‌లోని విప్లవాన్ని అణచటానికి ఐరోపా రాజులందరికీ డబ్బు పోశారు. ఆ మేరకు నింద న్యాయమే. కాని అదే సమయంలో లండన్‌లో థామస్ హార్డీ అనే చెప్పులు కుట్టే కార్మికుడు 1792లో స్థాపించిన సంఘం మామూలు మనుషులకు ఓటుహక్కు కావాలని, ఫ్రెంచి ప్రజలతో స్నేహం కావాలని పనిచేసింది. 1794లో హార్డీ మీద రాజద్రోహం కేసు పెట్టారు. జ్యూరీ నిర్దోషి అని విడిచిపెట్టింది. 'మానవ హక్కులు' రాసిన థామస్ పెయిన్ అయితే ఇంగ్లండులో ఉండలేక ఫ్రాన్స్ చేరాడు. 1792లో ఫ్రెంచి కన్వెన్షన్‌కు సభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1793 డిసెంబరులో విదేశీయుడన్న కారణం చూపి అతన్ని పారిస్‌లో జైల్లో పెట్టారు. సొంత రాజు దృష్టిలో అతను రాజద్రోహి. విప్లవం దృష్టిలో ఆల్బియన్ మనిషి. 'నమ్మకద్రోహి ఆల్బియన్' అన్న మాటలో హార్డీకి చోటు లేదు, పెయిన్‌కు చోటు లేదు. జాతికి పేరు పెట్టినప్పుడు మొదట మాయమయ్యేది ఆ జాతిలోని మన మిత్రుడు.

మాట మాటగా ఆగలేదు. 1794 మే నెలలో బరేర్ నివేదిక మీద కన్వెన్షన్ ఒక శాసనం చేసింది. ఇంగ్లీషు, హనోవర్ సైనికులను బందీలుగా పట్టుకోరాదని, అంటే లొంగిపోయినా చంపెయ్యమని దాని అర్థం. పారిస్‌లో మేధావులు చేసిన ఆ శాసనాన్ని యుద్ధభూమిలో ఉన్న ఫ్రెంచి సేనలు చాలా వరకు పాటించలేదు. ఎదుట చేతులెత్తి నిలబడ్డవాడు వాళ్లకు ఆల్బియన్‌లాగా కాక మనిషిలాగా కనిపించి ఉండాలి.

దుకాణదారుల జాతి

ఆ బరేరే అదే ఏడాది ఇంగ్లండును దుకాణదారుల జాతి అన్నాడు. తరువాత లోకం ఆ మాటను నెపోలియన్ ఖాతాలో వేసింది. నిజానికి ఆ పదబంధం అంతకుముందే, 1776లో, ఆడమ్ స్మిత్ వాడినది. ఆయన వాడిన తీరు చూడండి. కేవలం సరుకు కొనేవాళ్లను తయారుచేసుకోవటం కోసం ఒక సామ్రాజ్యం కట్టటం దుకాణదారుల జాతికి తగిన పని అనిపిస్తుందని ముందు అంటాడు. వెంటనే సర్దుకుని, కాదు, దుకాణదారుల పలుకుబడికి లోబడిన ప్రభుత్వం గల జాతికి తగిన పని అంటాడు. ఎంత తేడా! మొదటి వాక్యంలో దోషం జాతిది. రెండో వాక్యంలో దోషం ప్రభుత్వాన్ని చేజిక్కించుకున్న ఒక వర్గానిది. పెట్టుబడిదారీ ఆర్థికశాస్త్రానికి ఆద్యుడే ఈ గీత గీశాడు. బరేర్ వంటి విప్లవకారుడే దాన్ని చెరిపేశాడు.

మరింత స్పష్టమైన ఉదాహరణ 1915 నాటిది. వెర్నర్ సోంబార్ట్ అనే జర్మన్ పండితుడు పెట్టుబడిదారీ విధానపు చరిత్ర రాసి పేరు తెచ్చుకున్నాడు. తొలి రోజుల్లో మార్క్స్ ప్రభావం ఆయన మీద బలంగా ఉంది. యుద్ధం వచ్చేసరికి 'వర్తకులు, వీరులు' అనే పుస్తకం రాశాడు. ఇంగ్లీషువాళ్లు వర్తకులు, జర్మన్లు వీరులు అన్నది దాని సారాంశం. లాభం కోసం వెంపర్లాట పెట్టుబడికి సహజమని తెలిసిన పండితుడు, ఆ గుణాన్ని పెట్టుబడి నుంచి ఊడదీసి ఒక జాతి రక్తానికి అంటగట్టాడు. జర్మనీలో పెట్టుబడిదారులు లేరా? ఉన్నారు. వాళ్లను కనబడకుండా చెయ్యటానికే ఆ పేరు పనికివచ్చింది. వర్గ లక్షణాన్ని జాతి లక్షణంగా మార్చటం తిరోగామి సాహిత్యానికి పాత విద్య.

గురివింద గింజ

పేరు పెట్టినవాడి ముఖం కూడా ఆ పేరులో కనిపిస్తుంది. విందులో ఎవరికీ చెప్పకుండా జారుకోవటాన్ని ఫ్రెంచివాడు 'ఇంగ్లీషు పద్ధతిలో పోవటం' అంటాడు. అదే పనిని ఇంగ్లీషువాడు 'ఫ్రెంచి సెలవు' అంటాడు. ఇటాలియన్లు, పోలండువాళ్లు, రష్యన్లు ఈ తగాదాలో ఫ్రెంచి పక్షం చేరి ఇంగ్లీషువాడి మీదకు తోశారు. స్పెయిన్, పోర్చుగల్, జర్మనీ ఇంగ్లీషు పక్షం చేరి ఫ్రెంచివాడి మీద వేశాయి. తప్పు మాత్రం అందరి ఇళ్లలోనూ జరుగుతూనే ఉంది. సుఖరోగం సంగతీ అంతే. ఇటలీలో, ఇంగ్లండులో అది 'ఫ్రెంచి జబ్బు'. ఫ్రాన్స్‌లో 'నేపుల్స్ జబ్బు'. మన ఆయుర్వేద గ్రంథం 'భావప్రకాశం'లో ఫిరంగ రోగం. గురివింద గింజ తన నలుపెరగదన్న సామెత ఏ ఒక్క దేశానికో చెందినది కాదు.

1815లో వాటర్లూ తరువాత మిత్రసేనలు మూడేళ్లు ఫ్రాన్స్‌లో తిష్ఠ వేశాయి. ఇంగ్లీషు సైనికులవి ఎర్ర కోట్లు. నెలసరిని చాటుగా చెప్పటానికి 'ఇంగ్లీషువాళ్లు దిగారు' అన్న ఫ్రెంచి పలుకుబడికి ఆ ఎర్ర కోట్లే మూలమని చెబుతారు. పరాయి సైన్యం ఇంటి లోపలి భాషలోకి కూడా చొరబడింది. చరిత్ర పుస్తకాలు ఎక్కించుకోని సాక్ష్యాలివి.

ద్వేషగీతమూ, క్రిస్మస్ రాత్రీ

1914. ఎర్నెస్ట్ లిసావర్ అనే జర్మన్ కవి యుద్ధం మొదలైన కొద్ది కాలానికే ఇంగ్లండు మీద ద్వేషగీతం రాశాడు. రష్యా, ఫ్రాన్స్ కాదు, అసలు శత్రువు ఇంగ్లండు ఒక్కటే అన్నది దాని వస్తువు. పాట కార్చిచ్చులా పాకింది. సైన్యంలో పంచారు, బడుల్లో వల్లె వేయించారు. కైజర్ ఆయనకు పతకం ఇచ్చాడు. ఒక కవికి అంతకన్నా పేరు రాదు.

తరువాత ఏమైంది? ఆయన్ని ఎరిగిన స్టెఫాన్ జ్వైగ్ 'నిన్నటి ప్రపంచం' అనే ఆత్మకథలో ఆ విషాదం రాశాడు. యుద్ధం ఓడిపోయాక, వ్యాపారాలు మళ్లీ మొదలుపెట్టాలనుకున్న పెద్దలకు ఆ పాట ఇబ్బంది అయింది. నిన్న చప్పట్లు కొట్టినవాళ్లే ద్వేషమంతా ఆ కవి ఒక్కడిదే అన్నట్టు మొహం చాటేశారు. లిసావర్ యూదుడు. నాజీల జర్మనీలో ఆయనకు చోటే లేకపోయింది. ఏ దేశభక్తి కోసం ఆ పాట రాశాడో ఆ దేశం ఆయనది కాదని తేల్చేసింది. 1937లో వియన్నాలో చనిపోయాడు. పాలకవర్గం కవి చేత ద్వేషాన్ని అరువు తెచ్చుకుంటుంది. బాకీ మాత్రం కవి ఖాతాలో రాస్తుంది.

ఇదే 1914లో ఇంకో పేరు కూడా వినబడింది: 'టామీ'. 1815 నాడే బ్రిటిష్ యుద్ధ శాఖ, సైనికుడి జీతం లెక్క పుస్తకం ఎలా నింపాలో చూపే నమూనాలో 'థామస్ అట్కిన్స్' అన్న పేరు వాడింది. మన దగ్గర లెక్కల పుస్తకంలో 'రాముడు, సోముడు' అన్నట్టన్నమాట. అది మామూలు సైనికులందరికీ పేరయింది. సామ్రాజ్య కవి అని పేరుబడ్డ కిప్లింగ్ కూడా 'టామీ' కవితలో, శాంతి కాలంలో సారా దుకాణంలోకి రానివ్వని సైనికుణ్ణి యుద్ధం రాగానే నెత్తిన పెట్టుకునే మర్యాదస్తుల కపటాన్ని ఎత్తిపొడిచాడు. ఫ్రెంచివాళ్లు అతన్ని టామీ అన్నారు. ఎదుటి కందకంలోని జర్మన్ సైనికులూ టామీ అనే పిలిచారు.

ఆ ఏడాది క్రిస్మస్‌కు పశ్చిమ రణరంగంలో చాలా చోట్ల ఆ పిలుపు వినబడింది. ఇటువాళ్లూ అటువాళ్లూ కందకాల్లోంచి పైకి వచ్చారు. మధ్యలో పడి ఉన్న శవాలను పాతిపెట్టుకున్నారు. పొగాకు, కోటు బొత్తాలు మార్చుకున్నారు. వెనక ఊళ్లల్లో ద్వేషగీతం మోగుతోంది. ముందు కందకంలో, ఎవరిని ద్వేషించమని ఆ పాట చెప్పిందో వాడికే నిప్పు అందించారు. సేనానాయకులు కంగారుపడి, ఇలాంటిది మళ్లీ జరగరాదని ఆజ్ఞలు జారీ చేశారు. వాళ్ల కంగారులో అర్థముంది. 'ఇంగ్లండు' అన్న పేరు 'టామీ'గా మారిన క్షణాన యుద్ధం నడవటం కష్టమవుతుంది.

కాని టామీని దేవుణ్ణి చెయ్యవద్దు. యుద్ధం ముగిసి నిరుద్యోగిగా వీధిన పడ్డ ఆ మాజీ సైనికుల్లోంచే చాలామందిని 1920లో ఐర్లండు ఉద్యమాన్ని అణచటానికి పోలీసులుగా చేర్చుకున్నారు. సరిపడా యూనిఫారాలు లేక సైనికుల ఖాకీ, పోలీసుల ముదురు రంగు కలిపి తొడిగించారు. ఐరిష్ జనం వాళ్లకు 'బ్లాక్ అండ్ టాన్స్' అని పేరు పెట్టారు. ఇళ్లు తగలబెట్టి, మనుషుల్ని కాల్చి, ఆ పేరు వినబడితే ఇవాళ్టికీ ఐర్లండులో మొహాలు మాడిపోయేలా చేశారు వాళ్లు. ఇందులో 'జాతి స్వభావం' ఏముంది? కందకంలో బొత్తాలు మార్చుకున్న తరంవాడే ఇక్కడ ఇల్లు తగలబెట్టాడు. మారింది రక్తం కాదు, అతని చేతికి అప్పగించిన పని.

దొంగే 'దొంగా దొంగా' అన్నప్పుడు

ఎగతాళి పేరులో నిజం ఉండవచ్చు. అంతమాత్రాన పేరు పెట్టినవాడు నిజాయితీపరుడని కాదు. 1890 జనవరిలో ఆఫ్రికాలోని భూభాగాలు ఖాళీ చెయ్యమని ఇంగ్లండు పోర్చుగల్‌ను బెదిరించింది. లిస్బన్ భగ్గుమంది. ఈనాడు పోర్చుగల్ జాతీయగీతమైన పాట ఆ కోపంలోంచి పుట్టిందే. పెద్ద రాజ్యం చిన్న రాజ్యాన్ని అవమానించిన మాట నిజం. కాని ఆ భూములు పోర్చుగీసువాళ్లవీ కావు, ఇంగ్లీషువాళ్లవీ కావు. అక్కడి ఆఫ్రికన్లను ఎవరూ ఏమీ అడగలేదు. నమ్మకద్రోహం గురించిన ఆ పెద్ద తగాదాలో వాళ్ల పేరే రాలేదు.

1935లో ముసోలినీ ఇథియోపియా మీద పడ్డాడు. నానాజాతి సమితి నవంబరులో ఇటలీ మీద ఆంక్షలు పెట్టింది. ఫాసిస్టు పత్రికలు పాత పేరును బయటికి తీశాయి: 'పెర్‌ఫీదా ఆల్బియోనె'. ఇంగ్లీషువాళ్లు 'అయిదు పూటల తిండి జాతి' అని కూడా ప్రచారం చేశారు. రోస్‌బిఫ్‌కు ఇది తమ్ముడు. ప్రపంచంలో నాలుగో వంతు ఆక్రమించినవాడు ఇంకొకడికి నీతులు చెప్పటం కపటమే, సందేహం లేదు. ఆ కపటాన్ని ఎత్తిచూపినవాడు ఆ క్షణాన ఇథియోపియా పల్లెల మీద విషవాయువు కురిపించటానికి సిద్ధమవుతున్నాడు. అందుచేత పేరు నిజమా కాదా అని మాత్రమే అడిగితే చాలదు. ఎవరు, ఎప్పుడు, దేన్ని కప్పిపుచ్చటానికి ఆ పేరు పలుకుతున్నారు అని కూడా అడగాలి.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఫ్రెంచి రాజకీయ భాషలో 'ఆంగ్లో శాక్సన్లు' అనే పేరు బలపడింది. ఇది బ్రిటన్‌నూ అమెరికానూ ఒక గాటన కడుతుంది. పెట్టుబడి కేంద్రం లండన్ నుంచి వాషింగ్టన్‌కు మారిందని గుర్తించిన పేరది. 1963 జనవరిలో ద గోల్ బ్రిటన్‌ను ఉమ్మడి మార్కెట్‌లోకి రానివ్వనన్నప్పుడు ఆ భయమే మాట్లాడింది. 1973లో చేరిన బ్రిటన్ 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్య నుంచి బయటికి పోయింది. ఆ బేరసారాల కాలంలో పారిస్, మాడ్రిడ్ పత్రికల్లో ఆల్బియన్ మళ్లీ నమ్మకద్రోహి అయింది. రెండు వందల ఏళ్ల పాత చొక్కా ఉతికి తొడుక్కోవటానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

మన మాట ఒకటి

తెలుగువాళ్లు వచ్చినవాణ్ణి వచ్చినట్టు వేరుచేసి చూశారు. ఫ్రెంచివాళ్లు పరాసులు, పోర్చుగీసులు బుడతకీచులు. ఇంగ్లీషువాడి పాలనకు మాత్రం జనం నోట పడ్డ మాట 'కుంఫిణీ'. అది జాతి పేరు కాదు, వ్యాపార సంస్థ పేరు. దోచుకునేది ఒక దేశపు జనం కాదని, లెక్కలు రాసుకునే ఒక కంపెనీ అని ఆ మాటకే తెలుసు. మనిషిని పిలవవలసి వచ్చినప్పుడు 'దొర' అన్నారు. ఆ 'దొర'లో భయమూ, వంగిన వెన్నూ ఉన్న మాట నిజమే. కాని ఇంకో విశేషం కూడా ఉంది. తెలంగాణ పల్లెలో వెట్టి చేయించుకున్న సొంత గడ్డ భూస్వామి కూడా దొరే. చర్మం రంగు వేరు, భాష వేరు. జనం ఇద్దరికీ ఒకే పేరు పెట్టారు. ఆ విషయంలో మన వెట్టివాడు బరేర్ కన్నా, సోంబార్ట్ కన్నా స్పష్టంగా చూశాడు.

కథలో పాత్ర నోట ఎగతాళి పేరు రావచ్చు, రావాలి కూడా. గొదోన్ అనకుండా జోన్ మాట్లాడదు. పాత్ర కోపం పాత్రది. రచయిత గొంతు కూడా అదే మాట పట్టుకుని దేశాన్ని, కులాన్ని, మతాన్ని ఒక్క ముద్దగా చేసి పిలిచినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. ఆ ముద్దలో హార్డీ ఉన్నాడా, రొట్టె దొరకని కూలీ ఉన్నాడా, కందకంలోంచి నిప్పు అడిగిన టామీ ఉన్నాడా అని కలం ఆపి చూసుకోవాలి.

ఆ కుర్రవాడికి ఆ రోజు ఫిరంగి కథంతా చెప్పాను. చివర్న ఇంకో ప్రశ్న వేశాడు: "అయితే మాస్టారూ, వాళ్లు మనల్నేమనేవాళ్లు?" ఆ జాబితా కూడా నల్లబల్ల మీద రాశాను. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని కింద ఒకటి చాలా మాటలు కలిశాయి. గంట కొట్టినా పిల్లలు వెంటనే లేవలేదు.